అద్దె ఇల్లు ఉంచుకోవాలా, అమ్మేయాలా? అమ్మితే ఏ పని ముందు, ఏ పని తర్వాత?

"రెండు పోర్షన్ల డాబా ఉంది. నెలకి 20 వేలు వస్తున్నాయి. ఉంచుకోమంటారా, తీసేయమంటారా?" గుంటూరులో చుట్టాలింటికి భోజనానికి వెళ్లినా, బెజవాడలో పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి అడిగేది ఇదే. రెండో ప్రశ్న దాని వెనకే వస్తుంది: "అద్దెకున్నవాళ్లు ఉండగా అమ్మొచ్చా?"

నేను ప్లీడర్ని కాదు, ఆడిటర్ని కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు కట్టిన ఇల్లు మేం ముగ్గురం కలిసి అమ్మాం. బెజవాడ పటమటలో ఒక ఫ్లాటు ఇప్పటికీ అద్దెకిస్తున్నాను. ఈ రెండింటి మధ్య చేసిన తప్పులన్నీ కలిపితే ఇదిగో ఇలా తయారైంది. ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టి రాస్తున్నాను. ఆ వరస మారిస్తేనే టెన్షన్ మొదలవుతుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ పేరున ఉన్న అసలు దస్తావేజు, దాని వెనకున్న లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు)
- ఈసీ, అంటే ఆస్తి మీద ఏ అమ్మకాలు, తనఖాలు రిజిస్టరయ్యాయో చూపే పత్రం (రిజిస్ట్రేషన్ శాఖ వారి ఐజీఆర్ఎస్ వెబ్‌సైటులో తీసుకోవచ్చు; 1983కి ముందువి కావాలంటే ఆఫీసుకే వెళ్లాలి)
- మునిసిపల్ ప్లాను, ఇంటి పన్ను రసీదులు, అసెస్‌మెంట్ నంబరు
- ప్రతి పోర్షన్‌కీ కరెంటు సర్వీసు నంబరు
- అద్దె అగ్రిమెంటు, అడ్వాన్సు తీసుకున్నట్టు ఏదైనా కాగితం
- ఆస్తి పెద్దవాళ్ల నుంచి వస్తే మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్
- ఆధార్‌తో లింకైన పాన్ కార్డు
- ఒక మామూలు నోటుబుక్కు

నోటుబుక్కు ఎందుకంటే, మొదటి పని అందులోనే ఉంది.

1. నిజంగా చేతికి ఎంత వస్తోందో రాయండి

నెలకి 20 వేలంటే ఏడాదికి 2,40,000 అని నోటితో చెప్పేస్తాం. కిందటి రెండేళ్లలో జరిగింది గుర్తు తెచ్చుకుని రాయండి. ఒక పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంటే 20,000 పోయినట్టే. ఇంటి పన్ను 9,000. మోటారు రీవైండింగు, సున్నాలు, బాత్రూమ్ లీకేజీ, మారిన ట్యాపులు, అన్నీ కలిపి సగటున 30,000. మిగిలింది 1,81,000.

ఆ ఇల్లు 80 లక్షలు పలుకుతుందనుకుంటే, నూటికి రెండున్నర రూపాయలు కూడా రావడం లేదన్నమాట. ఇక్కడ గుండె జారి చాలామంది వెంటనే అమ్మేద్దాం అంటారు. ఆగండి. లెక్క సగమే అయింది.

అమ్మితే 80 లక్షలూ మీ చేతికి రావు. పన్నూ కమీషనూ పోను 72 లక్షలు మిగిలాయనుకుందాం. బ్యాంకులో 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 4,68,000. అద్దె కంటే 2,87,000 ఎక్కువ. కానీ ఇల్లు ఉంచుకుంటే స్థలం ధర కూడా పెరుగుతుంది కదా. 80 లక్షల మీద 2,87,000 అంటే సుమారు 3.6 శాతం. మీ వీధిలో స్థలం ఏడాదికి అంతకంటే ఎక్కువ పెరుగుతుందని నమ్మకం ఉంటే ఉంచుకోండి, లేకపోతే అమ్మండి. పైగా అద్దె ఆదాయంలో ఇంటి పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం తగ్గించి మిగతాదానికే పన్ను వేస్తారు. బ్యాంకు వడ్డీకి ఆ తగ్గింపు లేదు.

మన రెండు ఊళ్లలో ఈ "నమ్మకం" ఎలాంటిదో అందరం చూశాం. 2014లో రాజధాని మాట రాగానే ఎగిరిన ధరలు 2019 తర్వాత చల్లబడ్డాయి, 2024 తర్వాత మళ్లీ కదిలాయి. అందుకని పక్కింటాయన చెప్పిన ధర రాయకండి. మీ వీధిలో ఈ ఏడాదిలో నిజంగా చేతులు మారిన రెండు ఇళ్ల ధర కనుక్కుని రాయండి.

ఫ్లాటుకి ఈ లెక్క వేరు. ఫ్లాటులో మీకున్నది నలభై, యాభై గజాల స్థలం వాటానే. పెరిగేది అదే, కట్టడం పాతబడుతూ ఉంటుంది. లిఫ్టు లేని పాతికేళ్ల ఫ్లాటూ, సొంత స్థలంలో డాబా రెండూ ఉంటే ముందు ఫ్లాటే అమ్మమంటాను. నేను మాత్రం తిరగేసి చేశాను. డాబాలో ముగ్గురికి వాటా ఉంది, ఫ్లాటు నా ఒక్కడిది. లెక్కలు అన్నీ మన మాట వినవు.

2. ఉంచుకుంటే ఈ నాలుగూ సరిచేయండి

అగ్రిమెంటు లేకుండా పాత పరిచయం మీద అద్దెకిచ్చి ఉంటే ఈ నెలే రాయించండి. 11 నెలలకి రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు గానీ, మన రాష్ట్రంలో గడువు ఎంతైనా లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అద్దె ఎంత, ఏ తేదీలోపు, ఏటా ఎంత పెరుగుతుంది, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సున్నాల ఖర్చు ఎవరిది, ఇవన్నీ అందులో ఉండాలి.

అద్దె బ్యాంకులోనో ఫోన్‌పేలోనో తీసుకోండి. రేపు అమ్మేటప్పుడు ఆ స్టేట్‌మెంటే ఈ ఇంటికి ఇంత అద్దె వస్తుందనడానికి సాక్ష్యం.

దిగిన రోజు మీటరు రీడింగు ఫొటో తీసుకోండి. వాళ్లు వెళ్లే ముందు సర్వీసు నంబరు కొట్టి బకాయి చూశాకే అడ్వాన్సు తిరిగివ్వండి. "నిన్నే కట్టేశామండీ" అన్న మాట నమ్మి నేను ఒకసారి 4,300 కట్టుకున్నాను. అబద్ధమని కాదు, వాళ్లు పక్క పోర్షన్ బిల్లు కట్టారు.

నాలుగోది అద్దె పెంపు. మంచివాళ్లని ఐదేళ్లు పెంచకుండా ఉంచి, ఆరో ఏట ఒక్కసారిగా 3,000 పెంచితే ఆ మంచివాళ్లే ఖాళీ చేస్తారు. ఏటా 500 పెంచితే ఎవరూ మాట్లాడరు.

3. అమ్మాలంటే ఎవరెవరి సంతకాలు కావాలో తేల్చండి

ధర మాట తర్వాత. హిందూ కుటుంబాల్లో నాన్నగారు వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత సంపాదనతో కొన్న ఇల్లు అమ్మకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వస్తుంది. నాన్నమ్మ బతికుంటే ఆమెకీ వాటా ఉంటుంది. ఇది చాలామంది మర్చిపోతారు. పూర్వీకుల ఆస్తిలో కూడా ఆడపిల్లలకి హక్కు 1986 నాటి సవరణతోనే మన రాష్ట్రంలో వచ్చింది. "అక్కకి పెళ్లప్పుడు ఇచ్చేశాంగా" అనే మాట సబ్ రిజిస్ట్రార్ దగ్గర పనిచేయదు. ఆవిడ సంతకం పెట్టాలి, లేదా వాటా వదులుకున్నట్టు రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు ఉండాలి.

అమెరికాలో తమ్ముడుంటే రెండు సంగతులు. ఒకటి, పవరాఫ్ అటార్నీ అక్కడ రాయించి, అక్కడ ధ్రువీకరణ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే ఆధారం. రెండు, ఎన్నారై వాటా మీద కొనేవాళ్లు చాలా ఎక్కువ టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాల్సి వస్తుంది. అంత పట్టొద్దని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దానికి టైం పడుతుంది కాబట్టి బయానాకి ముందే మొదలుపెట్టండి.

4. కొనేవాళ్ల లాయరు చూసేలోపు మీరే చూడండి

ఈసీ తీయండి. మా ఇంటి ఈసీలో నాన్నగారు ఎప్పుడో తీర్చేసిన అప్పు తాలూకు తనఖా అలాగే కనిపించింది. బ్యాంకు దస్తావేజులు తిరిగిచ్చింది, బాకీ లేదని ఉత్తరం కూడా ఇచ్చింది. తనఖా విడుదల మాత్రం రిజిస్టరు చేయించలేదు. మేం అడగనూ లేదు. ఆ బ్రాంచి ఇంకో బ్రాంచిలో కలిసిపోయింది. పాత ఫైలు వెతికించి, ఆఫీసరుని సంతకానికి తీసుకొచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. మొదటి బేరం ఆ ఏడు వారాల్లోనే పోయింది.

తర్వాత టేపు పట్టండి. దస్తావేజులో 200 గజాలు, నేల మీద 187 గజాలు ఉండటం పాత పేటల్లో మామూలే. ముందు కాలువకి పోయి ఉంటుంది, పక్కవాళ్ల గోడ కొంచెం ఇటు జరిగి ఉంటుంది. ధర గజాల్లో మాట్లాడుకున్నాక ఈ తేడా బయటపడితే బేరం అక్కడే చెడుతుంది. ముందే "కొలత ప్రకారం 187" అని చెప్పేయండి.

ఇంకా మూడు: ప్లానులో ఉన్న అంతస్తులూ కట్టిన అంతస్తులూ ఒకటేనా? పైన రేకుల గది వేసి ఉంటే కొనేవాళ్లకి బ్యాంకు లోను దగ్గర ఆ ప్రశ్న వస్తుంది. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో) ఉందా? ఇంటి పన్ను ఎవరి పేరున వస్తోంది? తాతగారి పేరున వస్తుంటే ముందు పేరు మార్పించుకోండి.

సరిచూసుకునే పద్ధతి: కాగితాలన్నీ జిరాక్సు తీసి, మీకు తెలిసిన ప్లీడరుకి ఇచ్చి "కొనేది నేనే అనుకుని చూడండి" అనండి. లోను తీసుకుని కొనేవాళ్ల బ్యాంకు మామూలుగా 30 ఏళ్ల లింకు అడుగుతుంది. అంతా దొరికితేనే తర్వాతి మెట్టు.

5. అద్దెకున్నవాళ్లకి మీరే చెప్పండి, బోర్డుతో చెప్పించకండి

గేటుకి అమ్మకానికి బోర్డు కట్టేశాక అద్దెకున్నవాళ్లకి తెలిస్తే ఏమవుతుంది? ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా తలుపు తీయరు. తీసినా, "వర్షమొస్తే ఇక్కడ కారుతుందండీ" అని చూపిస్తారు. తప్పు వాళ్లది కాదు.

ఒక సాయంత్రం వెళ్లి కూర్చుని చెప్పండి. మా ఇంట్లో పదకొండేళ్లున్న మాస్టారి దగ్గరికి నేను అలాగే వెళ్లాను.

"మాస్టారూ, ఇల్లు తీసేద్దామనుకుంటున్నాం. ముందు మీకే చెబుతున్నాను. మీకేమైనా ఆలోచన ఉందా?"

"కొనేంత లేదు బాబూ. పిల్లాడి పదో తరగతి పరీక్షలయ్యే దాకా కదపకపోతే చాలు."

అంతే. మార్చి పరీక్షలయ్యాక ఏప్రిల్ ఆఖరుకి ఖాళీ చేస్తామని ఆయనే కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం చూపించే మేం బేరం చేశాం. ముందు వాళ్లనే అడగడంలో ఇంకో లాభం ఉంది. కొన్నిసార్లు వాళ్లే కొంటారు. ఆ ఇంటి మంచీచెడూ తెలిసినవాళ్లు కాబట్టి బేరం తొందరగా కుదురుతుంది.

అద్దెకున్నవాళ్లతో సహా అమ్మొచ్చా? అమ్మొచ్చు. కొన్నాయన మీ స్థానంలోకి వస్తాడు, అగ్రిమెంటు ఆయనకీ వర్తిస్తుంది. అడ్వాన్సు ఆయనకి అప్పజెప్పి, ఇకనుంచి అద్దె ఫలానా వారికి ఇవ్వండని అద్దెకున్నవాళ్లకి రాతపూర్వకంగా చెప్పాలి. కొనేది పెట్టుబడి కోసమైతే ఇది వాళ్లకి నచ్చుతుంది. సొంతంగా ఉండటానికైతే ఖాళీ ఇల్లే కావాలంటారు.

హెచ్చరిక: ఖాళీ చేయకపోతే నీళ్లు ఆపడం, ఫ్యూజు పీకడం, తాళం మార్చడం చేయకండి. చట్టప్రకారం కాకుండా బయటకి పంపితే 6 నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రాగలరు. రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. మొండికేస్తే ప్లీడరు ద్వారా వెళ్లండి. రెండు నెలల అద్దె వదిలేసి సామరస్యంగా పంపడం చాలాసార్లు దావా కంటే చవక.

6. ఎప్పుడు, ఎంతకి

ఆషాఢంలో, మూఢాల్లో కొనేవాళ్లు అడుగు వేయరు. మీకు పట్టింపు లేకపోయినా వాళ్లకుంటుంది. ఆ రోజుల్లో ఎవరూ రావడం లేదని ధర తగ్గించకండి. ఆ టైములో సున్నాలు వేయించుకోండి. వీధిపోటు, ఈశాన్యంలో మెట్లు లాంటివి ఉంటే ధరలో కోత తప్పదు.

సింగ్‌నగర్, పాయకాపురం లాంటి బెజవాడ పేటల్లో ఇల్లయితే మొదటి ప్రశ్న "2024 సెప్టెంబరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అనే. గోడ మీద గుర్తు రంగు వేసి కప్పేయకండి, పక్కింట్లో అది అలాగే ఉంటుంది. నిజం చెప్పి, వైరింగు మార్పించి ఉంటే ఆ బిల్లు చూపించండి.

మధ్యవర్తి కమీషను నూటికి ఎంతో, ఎప్పుడివ్వాలో ముందే తేల్చుకోండి. బయానా రోజున కాదు, రిజిస్ట్రేషన్ రోజున ఇస్తామనండి.

7. బయానా అగ్రిమెంటు

మొత్తం ధర, బయానా ఎంత, మిగతాది ఏ తేదీలోపు, ఖాళీ చేసి ఇవ్వాల్సిన తేదీ, ఎవరు మాట తప్పితే ఏం జరుగుతుంది, ఇవి రాయించండి. గడువు మూడు నెలలు దాటనివ్వకండి. జిరాక్సులు ఇవ్వండి, అసలు కాగితాలూ తాళమూ ఇవ్వకండి.

బయానా నగదుగా వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. "దస్తావేజులో గవర్నమెంటు రేటు రాసుకుందాం, మిగతాది చేతికిస్తాం" అనేది మన దగ్గర పాత అలవాటు. ఆ చేతిడబ్బుతో రేపు మీరు వేరే ఇల్లు కొనలేరు, పన్ను మినహాయింపులోనూ చూపించలేరు. దస్తావేజులో ధర రిజిస్ట్రేషన్ విలువ (అంటే ఆ గవర్నమెంటు రేటు) కంటే బాగా తక్కువ వేసి, తేడా 10 శాతం దాటితే, ఆ రిజిస్ట్రేషన్ విలువకే మీరు అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు.

8. పన్ను లెక్క (రాసింది ఇక్కడైనా, ఇది మాత్రం బేరానికి ముందే వేయించండి)

ఇల్లు మీ చేతిలో 24 నెలలు దాటి ఉంటే దీర్ఘకాల లాభం. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే మీకు రెండు దారులు: లాభం మీద నేరుగా 12.5 శాతం, లేదా కొన్న ధరని ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం. ఏది తక్కువైతే అది.

2010-11లో 20 లక్షలకి కొని 2025-26లో 80 లక్షలకి అమ్మారనుకోండి. మొదటి దారిలో లాభం 60 లక్షలు, పన్ను 7.5 లక్షలు. రెండో దారిలో సూచీ 167 నుంచి 376కి పెరిగింది కాబట్టి కొన్న ధర సుమారు 45 లక్షలవుతుంది. లాభం 35 లక్షలు, పన్ను 7 లక్షలు. సెస్సు అదనం. ఇక్కడ రెండో దారి అర లక్ష మేలు. చాలా తక్కువకి కొన్న ఇంటికైతే మొదటిదే మేలవుతుంది. రెండో దారి ఎన్నారైలకి లేదు, కాబట్టి అన్నదమ్ముల లెక్కలు విడివిడిగా వేయించండి.

2001 ఏప్రిల్‌కి ముందు కొన్న ఇల్లయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అప్పటి రిజిస్ట్రేషన్ విలువ దాటకుండా. పెద్దవాళ్ల నుంచి వచ్చినదైతే వాళ్లు కొన్న ధరే మీ ధర.

పన్ను తగ్గాలంటే: లాభంతో 2 ఏళ్లలో ఇల్లు కొనడం, 3 ఏళ్లలో కట్టుకోవడం, లేదా 6 నెలల్లోపు 50 లక్షల వరకు నిర్ణీత బాండ్లలో పెట్టడం. బాండ్ల డబ్బు 5 ఏళ్లు కదలదు. రిటర్ను గడువుకి ఇల్లు ఇంకా కొనకపోతే ఆ డబ్బు మామూలు పొదుపు ఖాతాలో ఉంచితే కుదరదు. బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. ఎక్కువమంది జారిపడేది ఈ మెట్టు దగ్గరే.

9. రిజిస్ట్రేషన్ రోజు

మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఇవి కొనేవాళ్లే పెట్టుకోవడం ఆనవాయితీ. ధర 50 లక్షలు, అంతకు పైన అయితే వాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకుని మీ పాన్ మీద కడతారు. 80 లక్షలకి 80,000. మీ పాన్ ఆధార్‌తో లింకు కాక పనిచేయకుండా ఉంటే అది 20 శాతం అవుతుంది, అంటే 16 లక్షలు ఇరుక్కుంటాయి. బయానాకి ముందే చూసుకోండి.

డబ్బు ఖాతాలో పడ్డాకే, లేదా డీడీ నిజమైనదని బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే వేలిముద్ర వేయండి. చిత్తు దస్తావేజు ముందు రాత్రి ఇంట్లో తీరిగ్గా చదవండి. హద్దుల్లో తూర్పు పడమర తారుమారైతే సవరణ దస్తావేజుకి మళ్లీ అందరూ రావాలి, అమెరికా తమ్ముడితో సహా.

10. అయిపోయాక చూసుకోవాల్సినవి

రెండు వారాల తర్వాత ఈసీ తీసి అమ్మకం ఎక్కిందో లేదో చూడండి. రెండు నెలలయ్యాక ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద ఆ 1 శాతం కనిపించాలి. లేకపోతే కొన్నవాళ్లని అడగండి. అసెస్‌మెంట్ నంబరు కొట్టి ఇంటి పన్ను పేరు మారిందో లేదో చూడండి. మాస్టారి లాంటి వాళ్ల అడ్వాన్సు తిరిగిచ్చిన రసీదు, అమ్మిన దస్తావేజు కాపీ, ఖర్చుల బిల్లులు ఒకే ఫైల్లో ఉంచండి.

కరెంటు సర్వీసు పేరూ, దానికి లింకైన ఫోన్ నంబరూ మార్పించడం కొన్నవాళ్ల పనే, కానీ వెంటపడాల్సింది మీరు. మేం వదిలేశాం. బ్రాడీపేట ఇంటి బిల్లు ప్రతి నెలా ఇప్పటికీ మా అక్క ఫోనుకే వస్తోంది. మొన్న వేసవిలో 6,200 వచ్చిందట. "ఏసీ పెట్టించినట్టున్నారురా" అంది.